బాలన్న మేస్త్రీకి నేను చెప్పిన పాఠం

సల్మాబాద్, 12-3-1996

చి.ల.సౌ. కళకు, ఈ పరాయి దేశంలో ఇంగ్లీషు చదువులో పడి నా తెలుగు మొద్దుబారింది, మన్నించు.

కమ్యూనిటీ కాలేజీ ఉపాధ్యాయ శిక్షణలో భాగంగా నిన్న సాయంత్రం, పరీక్షాధికారి ఎదుట, కార్మికులకు తొలి ఇంగ్లీషు పాఠం చెప్పాను! పగలంతా పనిలో నన్ను కసిరే మన ఊరి బాలన్న మేస్త్రీ కూడా నేర్చుకోవడానికి వచ్చాడు. అతణ్ణి చూడగానే అలవాటుగా సుద్దముక్క దించి, చేతులు కట్టుకొని నిలబడ్డాను.

"గట్ల నిలవడ్డవేంది లింబాద్రీ? పొద్దంత నా మాట నువ్వు విన్నవ్. ఇప్పుడు నువ్వు చెప్పు సారూ, నేను వింట" అని ముందు బల్లపై కూర్చున్నాడు.

పాఠం చక్కగా సాగింది. సాయంత్రపు తరగతులకు నన్ను ఉపాధ్యాయునిగా తీసుకుంటామన్నారు. అయితే పదో తరగతి అసలు సర్టిఫికెట్ నెలాఖరులోగా చూపకపోతే ఉద్యోగం దక్కదు. అది ఇంట్లో సందుగపెట్టెలో ఉంది. ఇది అందిన రోజే రిజిస్టరు పోస్టులో పంపు. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? పిల్లలకు ఆశీస్సులు.

లింబాద్రి

ఈ కార్డు అమ్మకు చదివి వినిపించి, బాలన్న భార్య ముత్తెమ్మకు ఇవ్వు. ఆయన నన్ను ఇంకా కసురుతున్నాడా అని ఆమె అడిగితే, సాయంత్రం అయిదింటి వరకే అని చెప్పు.