కడిగేసిన కాకిబంగారం

కోట,
11 ఆగస్టు 2025

నరేంద్రబాబు గారూ,

మీరు ఆ రాయిని కడిగించారు. దండాలూ కుశలాలూ ఈసారికి లేవు.

మీ కాలేజీ మ్యూజియంలో తెల్లదొరల నాటి అభ్రకం దిమ్మ ఉంది, మా వాళ్లు కాకిబంగారం అంటారు. దాని చీటీ చెదలు తినేస్తే, ఏ గనిదో కనిపెట్టమని నన్ను పెట్టుకున్నది మీరే. నేను కాలేజీ గడప తొక్కినవాణ్ణి కాదు. గూడూరు షెడ్డులో అభ్రకం పొరలు చీలుస్తూ, పాత పుస్తకాలు తిరగేస్తూ నేర్చుకున్నాను. మొదటిరోజే చెప్పాను: పొరల్లో ఇరుక్కున్న మట్టిని ముట్టుకోవద్దు సార్, ఒక్కో గనిది ఒక్కో మట్టి, మనకున్న సాక్ష్యం అదొక్కటే అని. తల ఊపారు.

ఆ మట్టిని పోల్చుకోవడానికి నేను సైదాపురం పాత గనులకు వెళ్లొచ్చేసరికి, రాయి సర్ఫు నీళ్లలో తానమాడి, వార్నిషు పూసుకుని పెళ్లికొడుకులా కూర్చుంది. తనిఖీ వాళ్లు వస్తున్నారని అటెండరు సుబ్బు చేత తోమించారట. "సార్ తోమమన్నాడు, తోమినా. నీ మట్టికి కూడా హాజరుపట్టీ ఉండాదని నాకేం తెలుసబ్బా" అని వాడు నా మీదే ఎగిరాడు.

సరే అని, వయసులో ఉండగా ఆ గనుల్లో తట్టలు మోసిన రెబెక్కమ్మను పిలుచుకొచ్చాను. ఆమె దిమ్మను అటూ ఇటూ తిప్పి, "ఇంత శుబ్బరంగా ఉంటే నాకేం తెలస్తాదయ్యా, మట్టుంటే చెప్పేదాన్ని" అంది. ఏదో ఒక గని పేరు చెప్పవ్వా, ఎవరొచ్చి అడగబోతారు అని మీరు నవ్వారు. "పేరు లేని బిడ్డకి పేరు పెట్టొచ్చు సారూ, తల్లిని కూడా మనమే పెడతామా?" అని కర్ర అందుకుని లేచి వెళ్లిపోయింది.

మర్నాడు మీరే ఒక గని పేరు అచ్చు వేయించి అతికించారు. అడిగితే, ఖాళీగా ఉంటే బాగుండదు హెబ్రోనూ అన్నారు. తెలియనిది తెలియదు అని రాస్తే చేతులు పడిపోతాయా? రేపు చదువుకునే పిల్ల ఎవరో దాన్ని నిజమని నమ్మి, ఆ అబద్ధం మీద ఇంకో పుస్తకం రాస్తుంది. మట్టి పోవడం మీ తొందరపాటు అనుకుంటాను. చీటీ తొందరపాటు కాదు.

ఈ ఉత్తరం చదివేదాకా మీ దగ్గర పనిలో ఉన్న,
హెబ్రోను

తా.క.: రెబెక్కమ్మ ఎవరని అడిగితే తెలిసినావిడ అన్నాను. ఆమె మా అవ్వ. గని గోడ విరిగి పడి మా తాత అందులోనే ఉండిపోయాడు. శవాన్ని తియ్యకుండానే గని పూడ్చేశారు. ఆ గని పేరు ఇప్పుడు ఏ పటంలోనూ లేదు. ఏదో ఒక పేరు చెప్పమని మీరన్నప్పుడు ఆమె నాలుక చివర ఉన్నది ఆ ఒక్క పేరే. చెప్పి ఉంటే తాత పోయిన చోటు మీ అద్దాల బీరువాలో వెలిగేది. ఆ రాయి అక్కడిదో కాదో తెలియదు కాబట్టి చెప్పలేదు. గురువారం సాయంత్రంలోగా ఆ చీటీ పీకెయ్యండి. "ఎక్కడిదో తెలియదు, ఆనవాలు మేమే కడిగేశాం" అని రాసి పెట్టి, పెట్టానని నాకు జవాబు రాయండి.