రెండో కాగితం నాకు పంపకు

బెనిన్ సిటీ, సక్పోబా రోడ్డు
12 ఆగస్టు 2024

నా బంగారు చెల్లి ఇటోహాన్‌కి,

మీ అక్క ఒమొసెదె మనసారా దీవించి రాస్తున్నది. నేను బాగానే ఉన్నాను. ఇక్కడ ఒకటే వాన. కొట్లోకి నీళ్లొస్తే కుట్టుమిషన్లు రెండూ బల్లమీదికి ఎక్కించాను. నీ కాలివాపు తగ్గిందని, మళ్లీ ఆసుపత్రి డ్యూటీకి వెళ్తున్నావని విని ప్రాణం కుదుటపడింది. ఇది ఫోన్లో చెప్పే సంగతి కాదు. అందుకే ఈ ఉత్తరం.

క్రిప్టో డబ్బుకి తాళంలాంటి ఆ డబ్బా, హార్డ్‌వేర్ వాలెట్, మళ్లీ కొత్తది కొన్నానన్నావు. మళ్లీ మొదటినుంచి కూడబెడదాం, ఈసారి ఆ రహస్య మాటలు రాసిన రెండో కాగితం నీ దగ్గరే దాచక్కా అన్నావు. దానికి జవాబు చెప్పేముందు నోసా సంగతి చెప్పాలి.

నోసా ఇక లేడమ్మా. జనవరిలో ఎడారి దాటి లిబియా చేరాడు. అక్కడినుంచి ఐరోపా వెళ్లే పడవెక్కాడు. పడవ ఒరిగిపోయిందట. ఒడ్డుకు చేరినవాళ్లలో నోసా లేడని, అతనితో వెళ్లిన మెకానిక్ శుక్రవారం ట్రిపోలీనుంచి ఫోన్ చేశాడు. నేను వాళ్లింటికి వెళ్లాను. వాళ్లమ్మ నన్ను గుమ్మంలోనే ఆపింది.

"ఎందుకొచ్చావు? ఇంకా ఏమన్నా పోయిందా నీది? రా, ఇల్లంతా వెతుక్కో," అంది.

నేను గుమ్మంనుంచే వెనక్కి తిరిగి వచ్చేశాను.

నిరుడు నువ్వు ఔచీనుంచి వచ్చి నాకు ఆ వాలెట్ నేర్పిన ఆదివారమే కళ్లముందు ఆడుతోంది. మన నైరా విలువ రోజురోజుకీ పడిపోతోందని, మనిద్దరం సొంత కొట్టుకోసం దాచినదంతా క్రిప్టోలోకి మార్చావు. వాలెట్ బజారులో ఒకరు వాడింది కొనకూడదని, తయారుచేసినవాళ్ల దగ్గరినుంచే తెప్పించావు. దాని బుల్లి తెరమీద ఒక్కొక్కటిగా కనబడిన ఇరవై నాలుగు మాటలూ నాచేత కాగితంమీద రాయించావు. ముందు కొంచెమే వేసి, వాలెట్‌లో ఉన్నదంతా చెరిపేశావు. "అయ్యో, పోయిందే!" అని నేను గగ్గోలు పెట్టాను. నువ్వు పడీపడీ నవ్వి, ఆ మాటలే దాంట్లో నొక్కించి అంతా తిరిగి రప్పించావు.

"చూశావా? డబ్బు ఈ డబ్బాలో లేదక్కా, ఈ మాటలు తెలిసినవాళ్లదే డబ్బు. డబ్బా పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు. మాటలు మాత్రం ఫొటో తియ్యకు, ఫోన్లో కొట్టకు. ఎవరడిగినా చెప్పకు, నేనడిగినా చెప్పకు," అన్నావు.

నీకు అంతకుముందే ఉంగరం తొడిగిన నోసా పక్కనే కూర్చుని కందముక్కలు ఒవో సూప్‌లో ముంచుకు తింటున్నాడు. "వదిన నోట్లో మాట దాగడమా? ఎవరి నడుం కొలత ఎంతో సక్పోబా రోడ్డంతా తెలుసు!" అన్నాడు. గరిటె తీసుకుని వెంటబడ్డాను.

నువ్వు ఆ సాయంత్రమే బస్సెక్కావు. అవే మాటలతో రెండో కాగితం నేను మర్నాడు రాసి, కవరులో పెట్టి, అంటించినచోట సంతకం చేసి నోసా చేతికిచ్చాను. నీకు తెచ్చిచ్చాడు. రెండు నెలలకు చూస్తే వాలెట్ ఖాళీ. కవరు మోసింది వాడొక్కడే అన్నాను. ఫోన్లు బాగుచేసేవాడికి ఇలాంటి విద్యలన్నీ తెలుసన్నాను. పోలీసులు అతన్ని నాలుగు రోజులు ఉంచుకుని, ఏమీ దొరక్క వదిలేశారు. వీధి మాత్రం వదల్లేదు. అతని కొట్లో అందరూ ఫోన్ ఇవ్వడం మానేశారు.

వదిలిన రోజు నా దగ్గరికొచ్చాడు. పెదవి చిట్లి ఉంది. "వదినా, నేను కవరు విప్పలేదు. నువ్వు నమ్మకపోతే మానెయ్, ఇటోహాన్‌తో ఒక్కసారి మాట్లాడించు," అన్నాడు. అతనికి దొరక్కుండా నువ్వు మార్చుకున్న నంబరు నేనివ్వలేదు. పనిముట్లు అమ్ముకుని వెళ్లిపోయాడు.

నువ్వు ఏడువు, ఇటోహాన్. ఎవరేమన్నా అననీ, కడుపారా ఏడువు. ఆ కొత్త కాగితం నాకు పంపకు. బ్యాంకు లాకరులో పెట్టుకో, మరెక్కడైనా పెట్టుకో. నాకొద్దు.

నీ మేలు కోరే
అక్క, ఒమొసెదె

తా.క. ఈ ఉత్తరం కవరు అంటించి, మళ్లీ చించాను. నోసా తియ్యలేదు. నేనే ఇచ్చాను. నా ఫోనుకి, వాలెట్ కంపెనీవాళ్లమంటూ ఒక మెసేజ్ వచ్చింది. ఆ మాటలు వెంటనే కొట్టకపోతే ఉన్నదంతా పోతుందని ఉంది. భయపడి, కాగితం ముందుపెట్టుకుని ఇరవై నాలుగూ కొట్టాను. కాసేపట్లో ఏమీ మిగల్లేదు. "ఎలా పోయిందక్కా?" అని నువ్వు ఫోన్లో ఏడుస్తుంటే నిజం చెబుదామనే నోరు తెరిచాను. నోసా పేరు వచ్చింది. తర్వాత ఆ మెసేజ్ చెరిపేశాను. రేపు పొద్దున వాళ్లమ్మ దగ్గరికి వెళ్లి చెబుతాను, తరిమినా కదలను.

నోసా తెచ్చిన కవరుమీద నా సంతకం చెక్కుచెదరలేదని నువ్వు ఆ రోజే అన్నావు. ఆవిరి పట్టి విప్పి ఉంటాడని అన్నది నేను. దానికి, "నువ్వు చెప్పావంటే నిజమే అయుంటుందక్కా," అన్నావు. మర్నాడే అతని ఉంగరం తిప్పి పంపేశావు.