మీ నాయిన జేబు పిస్తోలు

తిరుమలగిరి,
12 జూలై 1963.

చిరంజీవి మురహరికి,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం ఆరోగ్యంగానే ఉన్నాం. మీ అండాలత్తకు మోకాళ్ల నొప్పి కొంచెం తగ్గింది. వాన ఆలస్యమైనా జొన్న మొలిచింది. నీ జాబు పోయిన శుక్రవారం అందింది. అడిగినవాటికి వరుసగా రాస్తున్నాను.

పటాలంలో నీకిచ్చిన పిస్తోలుకు పదమూడు తూటాలు పడతాయని, దాని దెబ్బ తిన్నవాడు మళ్లీ లేవడని రాశావు. దాన్ని సెలవుకు తెచ్చుకోనివ్వరు కాబట్టి మీ నాయిన జేబు పిస్తోలు తుడిచి సిద్ధంగా ఉంచమన్నావు. ఆయన్ను కొట్టి చంపిన సాయిలు జైలు నుంచి వచ్చాడని నేను నీకు రాయకుండా ఉండాల్సింది.

గింజల గుమ్మి అడుగు నుంచి తీసి చూశాను. పొడవు నా అరచేతిని మించదు. త్రాసులో వేస్తే ముప్పై రెండు తులాలు తూగింది. నీది దానికి రెండింతలు పైనే ఉంటుంది. దీనికి ఆరు తూటాలే పడతాయి. తుప్పు పట్టలేదు.

ఇంత చిన్న తూటా నొప్పి పెడుతుందే తప్ప మనిషిని చంపదని రాశావు. చంపుతుంది, కాకపోతే ఆలస్యంగా. సాయిలు వాళ్ల అన్న గాలయ్యకు పొద్దుగూకే వేళ కడుపులో తగిలింది. తెల్లవారేదాకా నీళ్లడుగుతూనే ఉన్నాడట. మీ నాయినకు గొర్రెను ఊరికే ఇవ్వననడమే అతని తప్పు. నీకప్పుడు ఎనిమిదేళ్లు. గాలయ్య పాము కరిచి పోయాడని నీకు చెప్పింది నేనే. ఆ వారమే నిన్ను హైదరాబాదు హాస్టలుకు పంపాను.

ఇక అసలు సంగతి. సాయిలు మీ నాయిన మీదికి వచ్చిన రోజు అది ఎందుకు పేలలేదు, ఇప్పుడు దాన్ని నమ్మవచ్చా అని అడిగావు.

రోజూ సాయంత్రం తూటాలు తీసి, తుడిచి, లెక్కపెట్టి డబ్బాలో పెట్టడం, పొద్దున మళ్లీ నింపి తమలపాకుల పాన్‌దాన్‌తో పాటు ఆయన చేతికివ్వడం నా పని. గాలయ్యకు తూటా తగిలిన సాయంత్రం ఐదే వచ్చాయి. ఆరోది ఏదని అడిగాను.

"కుక్కను కాల్చిన. గిప్పుడు నీకు లెక్క జెప్పాల్నా?" అన్నారు.

అంతకుముందు కూడా రెండుసార్లు తక్కువ వచ్చాయి. అప్పుడు అడగలేదు. డబ్బాలో మిగిలిన చివరి కొత్తవి తీసి నింపాను.

మర్నాడు పొద్దున అండాలు వచ్చి గాలయ్య సంగతి చెప్పింది. నేను తూటాలు నింపలేదు. ఖాళీ పిస్తోలే ఆయన చేతికిచ్చాను. ఇంకొకరు పోకూడదనుకున్నాను, అంతే. మధ్యాహ్నం సాయిలు నలుగురిని వెంటేసుకుని కట్టెలతో వాకిట్లోకి వచ్చాడు. మీ నాయిన నవ్వుతూ పిస్తోలు తీశారు. మూడుసార్లు నొక్కారు. మూడోసారి నొక్కి నా వైపు చూశారు. ఆ తర్వాత కట్టెల చప్పుడే.

పాత పిస్తోలు ఆయన్ను మోసం చేసిందని పదిహేనేళ్లుగా నిన్ను నమ్మనిచ్చాను. అది ఎన్నడూ మోసం చేయలేదు.

నువ్వు వచ్చేలోపు సాయిలుకూ తెలియాలనిపించింది. నిన్న అతని గుడిసెకు వెళ్లి ఉన్నదంతా చెప్పాను. చిరిగిన గొంగడి కుట్టుకుంటూ విన్నాడు. దారం కొరికి తెంపాడు.

"గా తూటాలు ఒక్కరోజు ముందు ఎందుకు తియ్యలె దొరసానీ? తీసుంటే మా అన్న బతుకుతుండె. నేను జైలుకు పోకపోతుంటి. నీ మొగుడు గూడ ఇంట్లనే ఉంటుండె," అన్నాడు.

లేచి వచ్చేశాను. వచ్చే దారిలోనే, వెంట తీసుకెళ్లిన ఆ ఐదు తూటాలను పాడుబావిలో వేశాను. పిస్తోలు కావాలంటే తీసుకెళ్లు.

సెలవుకు వచ్చేటట్టయితే సాయిలు అడిగినదానికి నాకు దొరకని జవాబు వెతుక్కుని రా. ముందు అతని గుడిసెకు వెళ్లి అది చెప్పు, తర్వాత మన ఇంటికి రా. జవాబు దొరకకపోతే పటాలంలోనే ఉండు.

ఇట్లు,
ఇన్నేళ్లూ నీకు అబద్ధం చెప్పిన మీ అమ్మ,
కౌసల్య