చిన్నపాయ మీద రోడ్డు

నీటిపారుదల ఇంజనీరు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: చిన్నపాయను పూడ్చి తమరు వేయించిన రోడ్డు, దాన్ని తవ్వినందుకు మా వీధికి వచ్చిన నోటీసుల గురించి.

తమరు నా భర్తకు స్వయానా తమ్ముడు. ఇంట్లోకి నీళ్లొస్తున్నాయని ఫోను చేస్తే, "వదినా, నోటిమాట మీద పనులు జరగవు, అర్జీ పెట్టుకో" అని సెలవిచ్చారు. ఇల్లు కడుక్కున్నాక తీరిక దొరికింది. పెట్టుకుంటున్నాను.

1. మన ఏరు ఎగువ మెట్టల్లో పుట్టి, రాళ్లను ఒరుసుకుంటూ దిగి, మా వీధి దగ్గర రెండుగా చీలి సరస్సులో కలుస్తుంది. పెద్దపాయ ఏడాది పొడవునా పారుతుంది. చిన్నపాయ ఎండాకాలంలో ఎండిపోయినా, మెట్టల్లో వాన పడితే సగం నీటిని అదే మోస్తుంది. ఇది తమరికి తెలియనిది కాదు. ఈత నేర్చుకున్నది అందులోనే. అయినా ఎండల్లో వచ్చి చూసి, "పనికిరాని గుంట" అని తేల్చి, సరస్సు చూడవచ్చే కార్ల కోసం రోడ్డు వేయించారు. అడుగున ఒక తూమైనా పెట్టించలేదు. తమరి చదువుకు జోహార్లు.

2. మొన్న మా వీధిలో చినుకు లేదు. వాన మెట్టల్లో కురిసింది. పెద్దపాయ ఒక్కటే మోయలేక గట్టు దాటింది. మీ అన్నయ్య కాలికి కట్టుతో మంచంలో ఉన్నారు. నేనూ, పక్కింటి టైలరమ్మా కలిసి ఆయన్ని, ఆయన పుస్తకాలు కుట్టే బైండింగు బల్ల మీదికి ఎక్కించాం. నీళ్లు బల్ల అంచును తాకుతున్నా, "తమ్ముడికి చెప్పావుగా, వచ్చేస్తాడులే" అంటూనే ఉన్నారు.

3. తమరు వచ్చారు. పడవలో, ఫోటోగ్రాఫరుతో. కిటికీలోంచి బ్రెడ్డు పొట్లం అందించి, "పల్లంలో ఇళ్లు కట్టుకుంటే ఇంతేనమ్మా" అన్నారు. అయ్యా, ఆ ఇల్లు కట్టింది తమరి నాన్నగారు. తమరు పుట్టింది ఆ కిటికీ ఉన్న గదిలోనే. లోపల బల్ల మీదున్న మనిషి వైపు కన్నెత్తి చూడకుండా పడవ తిప్పించారు.

4. టైలరమ్మ అత్తగారిని ఆయన దగ్గర ఉంచి, పార పట్టుకుని ఆ రోడ్డెక్కాను. టైలరమ్మ గునపం తెచ్చింది.

"నోటీసులిస్తారేమో అక్కా."

"తీసుకోడానికి ముందు బతికుండాలి కదా. తవ్వు."

వీధి వీధంతా కదిలొచ్చింది. రోడ్డు తెగగానే నీళ్లు హోరుమని సరస్సులోకి దూకాయి. సాయంత్రానికి మా నేల కనపడింది.

5. ప్రభుత్వ ఆస్తి ధ్వంసం చేశామని ఇప్పుడు ఇంటింటికీ నోటీసు. తమరి ఆఫీసులో ఇంత చురుకుందని మాకెవరికీ తెలియదు. మొదటి పార వేసింది నేను. మిగతావాళ్లవి రద్దు చేసి, కేసు నా ఒక్కదాని మీద పెట్టండి. తెగినచోట వంతెన కట్టించండి. పూడిస్తే మాత్రం మళ్లీ తవ్వుతాం.

ఫోటోలు దిగడం పూర్తయ్యాక చిత్తగించవలెను.

ఇప్పటివరకు తమ విధేయురాలు,
బైండింగు మేస్త్రి భార్య

తా.క.: మీ అన్నయ్య ఇది చదివి, "ఇంత ఘాటుగా ఎందుకే, వాడు నొచ్చుకుంటాడు" అన్నారు. చించేద్దామనే కూర్చున్నదాన్ని, ఆ మాట విన్నాక లేచి వెళ్లి పోస్టులో వేస్తున్నాను.