మండని చేతులు

చిట్టితల్లి షారోనుకి,

నువ్వూ పిల్లా కులాసాయేనా? ఫోను చేస్తే మీ అత్తగారు స్పీకరు పెట్టేస్తుంది గనక కాగితం మీద రాస్తున్నా. నవ్వకు, మీ అమ్మకి వయసు వెనక్కి పోతోందే. మొహం మీద ఒక్క ముడత లేదు, నూనె రాసినట్టు నిగనిగ. కనుబొమ్మలు మాత్రం రాలిపోయాయి. పక్కింటి జయకుమారి పెన్సిలుతో గీసిపెడుతోంది. నిన్న అద్దంలో ఎవరో పడుచుది కనిపించింది. నన్నెరగనట్టు చూసింది.

ఇంకో వింత. కూలికెళ్ళి మిరపకాయల తొడిమలు తీసి, సాయంత్రానికి ఆడాళ్ళంతా చేతులు మజ్జిగలో ముంచుకుని ఏడుస్తారు కదా, నాకు మండట్లేదు. పాస్టరమ్మగారు ఇది కృప అన్నారు, వచ్చే నెల ప్రార్థన కూటాల్లో సాక్ష్యం చెప్పమన్నారు. అందరూ నా చేతులు కళ్ళకద్దుకుంటున్నారు. నాకూ గర్వంగానే ఉంది, అబద్ధమెందుకు. తప్పకుండా చెబుతాను. నా మనవరాలు స్తుతిని నాలుగు రోజులు నా దగ్గరికి పంపు.

మీ అమ్మ,
ఎలీసమ్మ

షారోనూ, నా బంగారం,

స్తుతి కళ్ళెర్ర తగ్గిందా? సబ్బుతో కడుక్కున్న చేతులతోనే దాని మొహం కడిగాను. వేళ్ళకి ఇంకా కారం ఉందని నాకు తెలియలేదమ్మా. నువ్వన్న మాటలకి నాకు కోపం లేదు.

భయమేసి గుంటూరులో చర్మం డాక్టరు దగ్గరికెళ్ళాను. కళ్ళు మూసుకుని, పెన్ను తగిలినచోట వేలు పెట్టమన్నాడు. ఎంతసేపటికీ మొదలెట్టడేమిటా అని కళ్ళు తెరిస్తే, ఆయన పెన్ను జేబులో పెట్టుకుంటున్నాడు. అయిపోయిందిట. చెవి తమ్మె గీరి పరీక్ష చేసి కుష్ఠు అన్నాడు. మచ్చ లేదు, పుండు లేదు. కొందరికి ఇలా నున్నగా, అందంగా కూడా వస్తుందిట. ఏడాది మాత్రలు మింగితే జబ్బు పోతుంది, ఉచితంగానే ఇస్తారు. మందు మొదలెట్టాక ఒకరికి అంటదన్నాడు. నిన్నూ పిల్లనీ కూడా చూపించుకోమన్నాడు, ఆలస్యం చెయ్యకు.

నిన్న కూటాలు. నోరు మూసుకుందామనే అనుకున్నా. తెలిస్తే పనిలోకి రానిస్తారా, గడప తొక్కనిస్తారా? కానీ పిల్ల అరుపు నా చెవుల్లోంచి పోవడం లేదు. మైకు పట్టుకుని, ఇది కృప కాదమ్మా, కుష్ఠు అని చెప్పేశాను. పాస్టరమ్మగారు తల దించుకున్నారు. ఇక నా మొహం ఎవరూ చూడరనుకున్నా.

అప్పుడు జయకుమారి లేచింది. రెండు చేతులూ ముందుకు చాపుకుని, నిద్రలో నడిచినట్టు వచ్చింది.

"నాకూ మండట్లేదక్కా. దేవుడు నన్నూ ముట్టాడనుకున్నా."

దాని వెనక ఇంకా ఇద్దరు లేచి నిలబడ్డారు. రేపు పొద్దున గుంటూరు బస్సుకి నలుగురం వెళ్తున్నాం.

నీ అమ్మ,
ఎలీసమ్మ