పక్క కుర్చీకి వారసులు

జార్జియా రాష్ట్రం, హారోబీ పట్టణం, ములెయిన్ వీధి, 214వ నంబరు ఇంట్లో నివాసం ఉంటున్న, కీర్తిశేషులు అమోస్ టగుల్ గారి భార్య, డెబ్బై ఒక్క సంవత్సరాల వయసు గల వెర్లీన్ టగుల్ అను నేను ఈ దిగువ విషయాలన్నీ నా సొంత ఆలోచనతో రాయిస్తున్నాను. నా గుండెలో ఒక కవాటం సరిగా మూసుకోవడం లేదు. రేపు తెల్లవారుజామున ఆపరేషను. బుర్రకు మాత్రం ఏ ఢోకా లేదని డాక్టరు గారు ఇచ్చిన కాగితాన్ని దీనికి జతపరిచాను. ఇందులో ఎవరి బలవంతమూ లేదు. నన్ను బలవంతపెట్టగలవాళ్ళు ఈ ఊళ్ళో లేరని బడి ఆఫీసులో ఎవరినడిగినా చెబుతారు.

దీన్ని టైపు చేస్తున్నది నా వకీలు కెమిల్ బ్రాడక్. నా తదనంతరం దీన్ని అమలు జరిపే బాధ్యత కూడా ఆమెదే. ఆమెకు ఏడేళ్ళప్పుడు ఎదురు సమాధానాలు చెబుతోందని బడివాళ్ళు వేరే తరగతికి నెట్టబోతే, సమావేశంలో వాళ్ళమ్మ పక్క కుర్చీలో కూర్చున్నది నేను. ఇప్పుడు అవే ఎదురు సమాధానాలకు జనం ఫీజు ఇస్తున్నారు. "మిస్ వెర్లీన్, వీలునామాలో ఇవన్నీ అక్కర్లేదండీ" అంటోంది. అక్కరుంది, టైపు చెయ్యమన్నాను.

ఇప్పుడు సమయం పదకొండు గంటల ఇరవై నిమిషాలు. మధ్యాహ్నం రెండింటికి నా మనవరాలు నెటీ విషయమై బడిలో సమావేశం ఉంది. ఆ పిల్లను మామూలు తరగతి నుంచి తీసి ప్రత్యేక తరగతిలో వేస్తామని ఉత్తరం వచ్చింది. తల్లి నాలుగేళ్ళ క్రితం పోయింది కనుక తండ్రి సంతకం ఒక్కటే చెల్లుతుంది. ఆ తండ్రి, నా కొడుకు లూషియస్, పొద్దుటి నుంచి ఫోను ఎత్తడం లేదు. నన్ను మంచం దిగొద్దన్నారు. అందుకని నా వాక్యాలు కాస్త గబగబా నడుస్తాయి, మన్నించాలి.

1. ములెయిన్ వీధిలోని ఇల్లు, వెనక ఉన్న షెడ్డు, పీకన్ చెట్టు సహా, నా కొడుకు లూషియస్ టగుల్‌కు చెందవలెను. అతడు సర్వహక్కులతో అనుభవించవచ్చును, అమ్ముకోవచ్చును. నిన్న రాయించిన చిత్తులో, నెటీ కోసం అతడు సమావేశానికి వెళితేనే ఇల్లు దక్కుతుందని షరతు పెట్టాను. ఈ ఉదయం కొట్టేయించాను. ఒక కాగితంతో వాడికి ఒకసారి అన్యాయం చేశాను. ఇంకో కాగితంతో వాడి చెయ్యి మెలిపెట్టలేను.

2. నా చర్చి టోపీలు పద్నాలుగూ నా ఆడపడుచు ఎర్లీన్‌కు. ఊదారంగుది ఆమె పదేళ్ళుగా కన్నేసి ఉంచినదే. చర్చి మెట్ల మీద పదిమందీ వినేలా "మా వదిన సొంత కొడుకుని చదివించుకోలేకపోయింది గానీ, ఊళ్ళో పిల్లలందర్నీ ఉద్ధరిస్తుందట" అన్న మాట నేను మర్చిపోలేదు. ఎర్లీన్, నువ్వన్నది నిజమే. నిజం కాబట్టే అంత మంట పుట్టింది. టోపీలు ఎండలో పెట్టకు, రంగు పోతుంది.

3. నా చిలగడదుంప 'పై' అనే తీపి రొట్టె చేసే పద్ధతి, రెండు పెద్ద పళ్ళేలు, నేను డాట్ అని పిలిచే నా పక్క కుర్చీ స్నేహితురాలు డొరొథియా గెయిన్స్‌కు. ఆమె కుర్చీలు మోసుకుపోనక్కర్లేదు, కుర్చీలు బడిలోనే ఉంటాయి. ఆమెకు నేను ఇస్తున్నది ఆ స్థానం. అమ్మానాన్నలు బడి సమావేశానికి తమతో ఎవరినైనా తీసుకెళ్ళవచ్చునని చట్టంలో ఉంది. ముప్పై ఏళ్ళు నేను వెళ్ళాను. ఎన్ని ఇళ్ళవాళ్ళతో వెళ్ళానో లెక్క వదిలేశాను. డాట్, నీకు తెలిసినవే అయినా మళ్ళీ చెబుతున్నాను.

సమావేశానికి ముందు రోజు బడి ఆఫీసు కిటికీ దగ్గర కూర్చునే జూనీకి ఆ 'పై' ముక్క ఒకటి ఇవ్వు. సమావేశం గది మారినా, గంట ముందుకు జరిగినా మనకు చెప్పేది ఆ పిల్లే. లోపలికి వెళ్ళగానే కుర్చీలు చూడు. వాళ్ళు పెద్ద కుర్చీల్లో కూర్చుని మనవాళ్ళకు ఒకటో తరగతి పిల్లల కుర్చీలు వేస్తారు. మోకాళ్ళు గడ్డానికి తగులుతుంటే ఏ తండ్రి మాత్రం గట్టిగా మాట్లాడగలడు? పెద్ద కుర్చీ తెప్పించేదాకా నిలబడే ఉండు. మొదటి ప్రశ్న నువ్వే అడుగు: "ఈ పిల్లకి ఏం బాగా వచ్చో ముందు చెప్పండి." చెప్పలేకపోతే వాళ్ళు ఆ పిల్లను చూడలేదని అర్థం. ఇంకొకటి. ఆ గదిలో ఎవరితోనూ సంతకం పెట్టనివ్వకు. "ఇంటికి తీసుకెళ్ళి చదువుకుని చెప్తాం" అంటే చాలు. కలం చేతికిచ్చి ఎంత తియ్యగా నవ్వినా సరే.

4. ఆ బడి ప్రిన్సిపాలు హోలిస్ క్రేన్ గారికి ఏమీ లేదు. ఆయన నన్ను ఒకసారి నడవలో ఆపి, "మిసెస్ టగుల్, మీరెందుకు ఇంత కోపంగా ఉంటారు? మేమూ పిల్లల మంచి కోసమే కదా చేసేది" అన్నారు. కోపంగా ఉండటం వల్లే ఆరోజు ఒక పిల్లవాడు లెక్కల తరగతిలోనే ఉండగలిగాడు. ఆయనకు ఆరోగ్యం, మంచి వినికిడి కలగాలని కోరుకుంటున్నాను. రెండోది మరీ అవసరం.

పన్నెండుంబావు. లూషియస్ ఫోను ఇంకా ఎత్తడం లేదు. డాట్ వచ్చి వంటింట్లో కోటు విప్పకుండా కూర్చుంది.

5. ఇది లూషియస్‌కు ఇవ్వవలసినది. ఆస్తి కాదు, జరిగిన సంగతి.

నేను చదువుకున్నది నల్లపిల్లల బడిలో. మా టీచరమ్మ మిస్ ఓజెల్లా పెట్‌వే మా వీధిలోనే ఉండేది, మా చర్చిలోనే పాడేది. ఆమె కాగితం పంపితే మా అమ్మ చదివేది కాదు, సంతకం పెట్టి పంపేది. చదవడమంటే ఆమెను అనుమానించినట్టు. ఆమె రాసిన ప్రతి కాగితమూ మా మంచి కోసమే. నా చదువు ముగిశాక నల్ల, తెల్ల పిల్లల బడులు కలిపేశారు. మా బడి మూశారు, మిస్ పెట్‌వే ఉద్యోగం పోయింది, పిల్లలు మాత్రం కొత్త బడికి చేరారు. మాకు టీచర్ల మీద ఉన్న నమ్మకం కూడా పిల్లలతోపాటే ఆ బడికి వెళ్ళింది. అదే నా తప్పు.

1979లో లూషియస్‌కు ఎనిమిదేళ్ళు. వాళ్ళ టీచరు ఒక కాగితం ఇచ్చి "కాస్త అదనపు సాయం చేద్దామని, ఇక్కడ ఒక సంతకం" అంది. నాకు లాండ్రీ పనికి ఆలస్యమవుతోంది. కారు మీద పెట్టి సంతకం చేశాను. మర్నాటి నుంచి నా కొడుకుని బాయిలర్ గది పక్కన వెనకబడిన పిల్లల తరగతిలో కూర్చోబెట్టారు. నాలుగేళ్ళు రంగులు వేయించారు. ఆ కాగితంలో ఏముందో నేను చదివింది రెండేళ్ళ తర్వాత. వెనక్కి తీసుకోవడానికి ఇంకో రెండేళ్ళు తిరిగాను. అప్పటికి వాడు అక్షరాలంటే మొహం తిప్పుకోవడం నేర్చుకున్నాడు. పదహారో ఏట మానేశాడు. ఈ ఊళ్ళో సగం ఇళ్ళ కప్పులు వాడు వేసినవే, ఒక్కటీ కారదు. బడి గుమ్మం మాత్రం మళ్ళీ తొక్కలేదు.

ఊరందరి పక్కనా కూర్చున్నాను గానీ వాడికి ఈ ముక్క చెప్పలేకపోయాను. సిగ్గు. క్షమించమని అడుగుతున్నాను లూషియస్. బతికుండగా నోటితో అడగవలసింది వీలునామాలో అడుగుతున్నాను, అదొక పిరికితనం.

6. వంటింటి బల్ల నెటీకి. ఆ పిల్ల లెక్కలు చేసేటప్పుడు కూనిరాగం తీస్తుంది. బడివాళ్ళు రాసిన జబ్బు అదే: కుదురు లేదు, ఇతరులకు ఇబ్బంది. ఈ బల్ల దగ్గర నేనూ ఒకసారి ఆపమన్నాను. "ఆపితే అంకె మర్చిపోతా నానమ్మా. పాటలో దాచుకుంటున్నా" అంది. తొమ్మిదేళ్ళ పిల్ల మూడంకెల గుణకారాలు నోటితో చేస్తోంది. బల్ల దగ్గర ఎంత గట్టిగానైనా పాడుకోవచ్చునని ఇందుమూలంగా అనుమతిస్తున్నాను.

7. ఒంటిగంటా ఐదు. పైదానికి సాక్షుల ముందు సంతకం చేయబోతుండగా లూషియస్ వచ్చాడు. ఇది కూడా టైపు చెయ్యమన్నాను. కెమిల్ అప్పటికే టైపు చేస్తోంది.

చొక్కా జేబులోంచి మడత కాగితం తీసి చూపించాడు. "పొద్దున్నే సంతకం పెట్టేశానమ్మా. కిటికీ దగ్గర ఇచ్చేసి పనికి పోతా. రేపు నీకు ఆపరేషను కదా, ఓసారి చూసి పోదామని ఆగా" అన్నాడు. అది నెటీ కాగితం. కింద వాడి సంతకం ఉంది. 

"చదివావా?" అన్నాను.

"వాళ్ళకి తెలుసు కదమ్మా. చదువుకున్నోళ్ళు."

అయిదో అంశం వాడికి చదివి వినిపించమని కెమిల్‌కు చెప్పాను. వాడు కూర్చోలేదు. టోపీ చేతిలో పట్టుకుని గోడ చూస్తూ విన్నాడు. చదవడం అయిపోయేసరికి గడియారం ఒంటిగంటా ఇరవై దాటింది.

"నువ్వు చదవకుండా పెట్టావా?" అన్నాడు.

అవునన్నాను.

"చదివే పెట్టావనుకున్నా. నలభై ఏళ్ళ నుంచి. మా అమ్మ కాగితమంతా చదివి, నిజమే, మావాడు మొద్దే అని ఒప్పుకుని పెట్టిందనుకున్నా."

నేను లేవబోతే డాట్ వంటింట్లోంచి వచ్చి పట్టుకుంది. ఏడ్చాను. రాయించడానికి నామోషీ లేదు. ఇన్నేళ్ళూ వాడు బాధపడింది బాయిలర్ గది గురించి అనుకున్నాను. నేను వాణ్ణి తక్కువగా చూశాననుకుని బాధపడ్డాడు. చదవకుండా పెట్టానన్న ఒక్క మాటతో పోయేది. చదవకుండా పెట్టొద్దని ముప్పై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళకు మాత్రం చెబుతూ తిరిగాను.

వాడు మంచం మీద కూర్చుని కాగితం నా ఒళ్ళో పెట్టాడు. "చదువు. ఒక్క లైను కూడా వదలకు" అన్నాడు. పదకొండు నిమిషాలు పట్టింది. మధ్యలో రెండుచోట్ల ఆపి మళ్ళీ చదవమన్నాడు. "ఇతరులకు ఇబ్బంది" అన్నచోట "ఎవరికట?" అని అడిగాడు. మూడో పేజీలో, ఏడాది పూర్తయ్యేదాకా తిరిగి మామూలు తరగతికి మార్చబోము అని ఉంది. అక్కడ నా చేతిలోంచి కలం తీసుకుని తన సంతకం మీద అడ్డంగా ఒక గీత, దాని మీద ఇంకో గీత గీశాడు. కప్పు మీద రేకు కొలిచి గీసినట్టు తిన్నగా గీశాడు.

డాట్‌ను తనతో బడికి రమ్మన్నాడు. గుమ్మం దగ్గర ఆగి, "నువ్వు ఊరందరికీ చెబుతావే, పెద్ద కుర్చీ అడగాలని, అంతేనా?" అన్నాడు. ఒకటీ నలభైకి వాడి ట్రక్కు కదిలింది.

పై ఏడు అంశాలూ నేను స్వయంగా మొదటి నుంచి చివరి వరకు పైకి చదువుకుని, అర్థం చేసుకుని, గురువారం, 2019 మార్చి 14న, మధ్యాహ్నం ఒకటీ యాభై అయిదుకు సంతకం చేస్తున్నాను.

(సం.) వెర్లీన్ టగుల్

మా ఎదుట ఆమె సంతకం చేశారు. చేసేముందు కొంతసేపు కిటికీలోంచి వీధి వైపు చూశారు. ఆలస్యానికి వేరే కారణం ఏమీ లేదు.

సాక్షులు:
1. (సం.) థియోడర్ మాబ్రీ, చర్చి డీకన్
2. (సం.) లవీనియా హిల్, పొరుగింటామె