మా ఆవిడ నీలం కుర్చీ సంగతి

విమాన ప్రయాణికుల ఫిర్యాదుల అధికారి వారి సమక్షమునకు,

అయ్యా,

విషయం: ఒకే విమానానికి రెండు సంస్థల నంబర్లు ఉన్నందున, నా భార్య చక్రాల కుర్చీకి ఏ సంస్థా పూచీ పడకపోవుట గురించి.

సైకిళ్ల మరమ్మతు దుకాణం నడుపుకొను నేను తమకు విన్నవించుకొనునది:

1. నేనూ నా భార్యా ఆమె అక్కగారి ఊరి నుండి తిరిగి వచ్చుటకు టికెట్లు ఒక సంస్థ అమ్మినది, విమానం వేరొక సంస్థ నడిపినది. దీనిని కోడ్‌షేర్ ఒప్పందం అంటారట. బోర్డు మీద మా విమానం కాసేపు ఒక నంబరుతోనూ, కాసేపు ఇంకో నంబరుతోనూ కనిపించగా నేను కంగారుపడితిని. "రెండూ ఒకటేనండీ. ఎవరి దగ్గర కొన్నా మేమంతా ఒకటే" అని కౌంటరులోని అమ్మాయి నవ్వుతూ చెప్పినది. ఆ మాట నమ్మి విమానం తలుపు దగ్గర కుర్చీ అప్పగించితిని. మేము దిగితిమి గాని కుర్చీ దిగలేదు.

2. నడిపినవారిని అడిగితే టికెట్ మాది కాదన్నారు. అమ్మినవారిని అడిగితే విమానం మాది కాదన్నారు. "మీరంతా ఒకటేనన్నారు కదమ్మా" అంటే, "అది ఎక్కేటప్పుడు సార్" అన్నారు.

3. సదరు కుర్చీ బజారులో కొన్నది కాదు. నా భార్య నడుము ఒక పక్కకు ఒరిగి ఉండును. బజారు కుర్చీలో కూర్చోబెడితే జారిపోవును. అందుచేత సైకిలు గొట్టాలు అతికించి చట్రం నేను చేసితిని, చక్రాలు ఆమె చేసుకున్నది. మా దుకాణంలో చక్రాల పని ఆమెదే. నేను స్పోకులు బిగించిన చక్రం చూసి "ఇది చక్రమా, కోడిగుడ్డా?" అనును.

4. ప్రయాణానికి ముందు ఆమె పట్టుబట్టి కుర్చీకి విమానాశ్రయం కుర్చీల నీలం రంగే వేయించినది. "కొట్టు సామానులా కనిపిస్తే మూలన పడేస్తారు. వాళ్లదానిలా ఉంటే మర్యాదగా చూస్తారు" అన్నది. అన్నట్టే జరిగినది. ఎవరినో సాగనంపడానికి మేము ఎక్కిన విమానాశ్రయానికే వెళ్లిన మా తోడల్లుడు ఫోను చేసి, "తమ్ముడూ, మీ ఆవిడ కుర్చీ ఇక్కడే ఉంది. దానికున్న సైకిలు గంట చూసి పోల్చుకున్నాను. కానీ అందులో ఎవరో పెద్దావిడ కూర్చుని ఉంది. దిగమని ఎలా అడగను?" అన్నాడు. అడగొద్దనే చెప్పితిని.

5. ఈ సంగతి తెలియజేయగా, వాడుకలో ఉన్న కుర్చీ పోయిన సామాను కిందికి రాదని ఒక సంస్థ, అది విమానాశ్రయం కుర్చీ కాదని ముందు మీరు రుజువు చేయాలని ఇంకో సంస్థ జవాబిచ్చినవి.

6. మరొకటి చేసుకోవచ్చు కదా అని తమరు అడుగుదురు. చట్రం అయినది. చక్రాలు కావాలంటే ఆమె కూర్చోవాలి, కూర్చోవాలంటే కుర్చీ కావాలి. ఆమె పడుకునే స్పోకులు బిగించబోతే చక్రం జారి మొహం మీద పడింది. ఆమె ఏడవలేదు, నాకే ఏడుపొచ్చింది. కొట్లో ఎవరి సైకిలు గంట మోగినా వెనక గదిలోంచి "ఏమయ్యా, ఎవరొచ్చారు?" అని అడుగుతుంది. ప్రతిసారీ వెళ్లి చెప్పి వస్తున్నాను. ఇదివరకు ఆమె నడవలేని మనిషన్న సంగతే నాకు గుర్తుండేది కాదండీ.

కావున ఈ రెండు సంస్థలలో బాధ్యత ఎవరిదో తేల్చవలెను. తేలకపోతే తప్పు నాదేనని రాసివ్వండి, సంతకం పెడతాను. కుర్చీ మాత్రం ఇప్పించండి. ఈ అర్జీని ఇంకో కార్యాలయానికి పంపే ముందు ఒక్కసారి తమరే చిత్తగించవలెను.

తమ విధేయుడు,
సైకిలు మెకానిక్కు

తా.క.: ఇది రాస్తున్నది ఆయన భార్యను. ఆయన ముఖ్యమైన సంగతి వదిలేశారు. నా ఎడమ చేతిలో బలం లేదు. అందుకని ఎడమ బ్రేకు ముట్టుకుంటే చాలు, పట్టేసేలా పెట్టుకున్నాను. తెలియనివాళ్లు ఏటవాలు దారిలో దాన్ని గట్టిగా లాగితే కుర్చీ తిరగబడుతుంది. ముందు కుడిది వేయమని ఆ పెద్దావిడకు చెప్పించండి. ఏ సంస్థవాళ్లు చెప్పినా సరే. ఆవిడ పని అయ్యాకే కుర్చీ పంపండి. తొందరేం లేదని రాద్దామనుకున్నాను. ఉందండీ.